నీడయు నిజమును

ఈ సంవత్సరము మా పాఠశాలకు వచ్చిన తల్లిదండ్రులలో కొందఱు మమ్ములను ఒక ప్రశ్న యడిగిరి. "పదవ తరగతి పిల్లలు పరీక్షలు దగ్గఱపడుచుండగా గదిలో కూర్చుండి లెక్కలు చేయక, ఎండలో కఱ్ఱలు నిలిపి నీడలు కొలుచుచున్నారేమి? ఇది చదువా, ఆటయా?" అని వారి ప్రశ్న. వారు కోపముతో నడిగినది కాదు. తమ బిడ్డల మేలు కోరి యడిగినదే. కావున వాకిట నిలువబడి చెప్పిన రెండు మాటలతో సరిపెట్టక, మా యభిప్రాయమును ఈ సంచికయందు వివరముగా తెలుపుట మా విధియని తలంచితిమి.

మా యభిప్రాయ మిది. సరూప త్రిభుజముల పాఠము విద్యార్థి స్వయముగా ఒక నీడను కొలిచినగాని పూర్తి కాదు. అట్లు కొలిచినపుడు వాని జవాబు పెద్దలెఱిగిన సంఖ్యకు ఎంత దగ్గఱగా వచ్చెనని చూచుటకంటె, కొలిచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసెనా యని చూచి మార్కులు వేయుట మేలు. ఇందు రెండవ మాటను మేము గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. మా తప్పిదమువలన నేర్చుకొంటిమి. ఆ తప్పిదమునే మొదట చెప్పెదము.

గడచిన ఫిబ్రవరి మాసమున ఒక సాయంకాలము పదవ తరగతి విద్యార్థులను ఆఱు జట్లుగా విభజించి, ఆటస్థలము చివర నున్న జెండాస్తంభము ఎత్తును నీడనుబట్టి కనుగొని రండని పంపితిమి. ఆ స్తంభము దిమ్మె లేక చదునైన నేలలోనే పాతిన యినుప గొట్టము. ఒక్కొక్క జట్టునకు 3 అడుగుల కఱ్ఱను, కొలత టేపును, ఒక పుస్తకమును ఇచ్చితిమి. చేయవలసిన పని సులభమైనది. కఱ్ఱను నిట్టనిలువుగా నిలిపి దాని నీడను కొలువవలెను. అదే సమయమున స్తంభపు నీడనుగూడ కొలువవలెను. కఱ్ఱకును దాని నీడకును ఏ నిష్పత్తి కలదో, స్తంభమునకును దాని నీడకును అదే నిష్పత్తి యుండును. మూడు సంఖ్యలు తెలిసినవి, నాలుగవది తెలియవలసినది. మన పెద్దలు త్రైరాశికమని పిలిచిన లెక్క యిదియే.

ఆ నిష్పత్తి యొక్కటిగానే యేల యుండవలెనని అడుగువారుందురు, అడుగుటయే మంచిది. సూర్యుడు మనకు ఇంచుమించు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. అంత దూరమునుండి వచ్చు కిరణములు మన ఆటస్థలమువంటి చిన్న చోటున ఒకదానికొకటి సమాంతరములుగా నున్నవని చెప్పవచ్చును. కావున కఱ్ఱ కొననుండి దాని నీడ కొసకు దిగు కిరణమును, స్తంభపు కొననుండి దాని నీడ కొసకు దిగు కిరణమును నేలతో ఒకే కోణము చేయును. కఱ్ఱయు స్తంభమును నేలకు లంబముగా నిలిచినవి. రెండు త్రిభుజములలో రెండేసి కోణములు సమానమైనపుడు మూడవదియు సమానమే యగును. పెద్ద త్రిభుజము చిన్నదానికి పెంచిన ప్రతిరూపమువంటిది. ఒక భుజము ఎన్ని రెట్లు పెరిగెనో తక్కినవియు అన్ని రెట్లు పెరుగును. ఇంతకుమించిన రహస్యమేమియు ఇందులో లేదు.

విద్యార్థులు అరగంటలో తిరిగివచ్చి పుస్తకములు మా చేతికిచ్చిరి. అయిదు జట్లవారు కఱ్ఱ నీడ 4 అడుగుల 6 అంగుళములనియు, స్తంభపు నీడ 45 అడుగులనియు, స్తంభము ఎత్తు 30 అడుగులనియు వ్రాసిరి. ఆఱవ జట్టువారు మాత్రము కఱ్ఱ నీడ 4 అడుగుల 6 అంగుళములు, స్తంభపు నీడ 40 అడుగులు అని వ్రాసి, 36 అంగుళములను 480 చే గుణించి 54 చే భాగించి, 320 అంగుళములు, అనగా 26 అడుగుల 8 అంగుళములు, అని తేల్చిరి.

పాఠశాల సామానుల పట్టికలో ఆ స్తంభము 30 అడుగులని వ్రాసియున్నది. మేము దానిని చూచుకొని, అయిదు జట్లకు పదింట పది మార్కులును, ఆఱవ జట్టునకు నాలుగు మార్కులును వేసితిమి. "కొలతలో శ్రద్ధ చాలదు" అని వారి పుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి.

మఱునాడు ఆఱవ జట్టులోని ఒక బాలిక మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా లెక్కలో తప్పున్నయెడల చూపించండి. కొలతలో తప్పున్నదందురా, మీరుకూడ వచ్చి మరల కొలవండి" అనెను. ఆమె మాటలో అవినయము లేదు. కన్నులలో మాత్రము నీళ్లున్నవి. లెక్కలో తప్పు లేదని మాకు తెలియును. కావున ఆ సాయంకాలము ఆమెతోను, ఆమె జట్టుతోను ఆటస్థలమునకు వెళ్లితిమి.

ఈ పర్యాయము నీడతో పనిలేని ఉపాయమొకటి ఆ పిల్లలే చెప్పిరి. జెండాను ఎగురవేయు త్రాటికి ఒక ముడి వేసి, ఆ ముడి కొననున్న కప్పీని తాకువఱకు లాగి, నేలను తాకిన చోట మఱియొక గుర్తు పెట్టి, త్రాటిని దింపి కొలిచితిమి. సరిగా 27 అడుగులు వచ్చినది. మరల కొలిచితిమి, మరల 27 అడుగులే. అపుడు తోటపనివాడు నవ్వుచు, "30 అడుగుల గొట్టమేనండి, మూడడుగులు భూమిలో నున్నది కదా!" అనెను. పట్టిక వ్రాసినవారు కొన్న గొట్టపు పొడవును వ్రాసిరి. పాతిన తరువాత నిలిచిన యెత్తును కొలిచి వ్రాసినవారు లేరు.

అపుడుగాని మాకు ఆ అయిదు పుస్తకముల సంగతి తెలియలేదు. అయిదింటిలోను స్తంభపు నీడ కఱ్ఱ నీడకు సరిగా పదిరెట్లుగా నుండెను. ఒకే సమయమున, ఒకే నేలపై, ఒక జట్టునకు 40 అడుగులుగా కనబడిన నీడ తక్కిన అయిదు జట్లకును 45 అడుగులుగా కనబడునా? వారు కఱ్ఱ నీడను మాత్రమే కొలిచిరి. స్తంభము 30 అడుగులని ఎవరివలననో ముందుగనే విని, పదిచే గుణించి నీడను కల్పించిరి. అడుగగా తలలు వంచుకొని ఒప్పుకొనిరి. వారిలో ఒకడు, "జవాబు తెలిసినదేగదా, కొలిచినను అదే వచ్చుననుకొంటిమి" అని చెప్పెను.

ఆ బాలుని మాట మమ్ములను చాలదినములు బాధించినది. ఏలయనగా, ఆ మాట వానిది కాదు, మాది. జవాబు ముందుగా తెలిసినదానినే కొలువుమని పంపితిమి. ఆ జవాబు వచ్చినవారికి పది, రానివారికి నాలుగు వేసితిమి. నిజముగా ఎండలో నిలిచి, వంగి, టేపు పట్టినవారిని శిక్షించి, నీడలో కూర్చుండి సంఖ్యలు కల్పించినవారిని సత్కరించితిమి. పిల్లలు తెలివిగలవారు, దేనికి బహుమానమిత్తుమో దానినే నేర్చుకొందురు. ఆ దినమున మేము వారికి సరూప త్రిభుజములకంటె అబద్ధపు లెక్కనే ఎక్కువ బాగుగా నేర్పితిమని ఒప్పుకొనుచున్నాము.

ఇట్లనగా కొందఱు, "అట్లయిన ఈ నీడల పని మానివేసి పుస్తకములోని లెక్కలే చేయించరాదా? అందు అబద్ధమునకు తావులేదు కదా" అందురేమో. మా యభిప్రాయము దీనికి వ్యతిరేకము. పుస్తకములోని లెక్కయందు ఆలోచనకు కావలసినదెల్ల ముందుగానే ఎవరో చేసిపెట్టియుందురు. ఏది కొలువవలెను, ఎచటినుండి కొలువవలెను అను ప్రశ్నలు అందు పుట్టనే పుట్టవు. కాని కష్టమంతయు ఆ ప్రశ్నలలోనే యున్నది.

పదవ తరగతి విద్యార్థులందఱు థేల్సు పేరు ఎఱుగుదురు. క్రీస్తుపూర్వము 6వ శతాబ్దమున మిలీటసు నగరమున జీవించిన ఈ గ్రీకు పండితుడు ఐగుప్తు దేశమునకు పోయి, పిరమిడ్డుల యెత్తును నీడనుబట్టి చెప్పెనని, అతనికి అనేక శతాబ్దముల తరువాతి గ్రంథకర్తలు వ్రాసిరి. మనిషి నీడ మనిషి యెత్తునకు సమానమగు సమయమునకై వేచియుండి ఆ క్షణమున పిరమిడ్డు నీడను కొలిచెనని ఒకరు, కఱ్ఱను నిలిపి నిష్పత్తిచే కనుగొనెనని మఱియొకరు చెప్పుదురు. ఈ కథను చెప్పి "ఎంత సులభము!" అని పుట త్రిప్పువారే గాని, ఆ నీడను ఎచటినుండి కొలిచెనని అడుగువారు తక్కువ.

గీజాలోని గొప్ప పిరమిడ్డునే తీసికొందము. కట్టిననాడు దాని యెత్తు ఇంచుమించు 481 అడుగులు. అడుగుభాగమున ఒక్కొక్క ప్రక్క 756 అడుగులు. శిఖరము నడుమ నున్నది గదా. శిఖరమునకు నేరుగా క్రిందనున్న చోటు గోడలకు లోపల 378 అడుగుల దూరమున రాళ్లక్రింద నున్నది. అచటికి టేపు పట్టుకొని పోజాలము. ఆ ప్రదేశమున ఫిబ్రవరి, నవంబరు మాసముల మొదటి భాగమున మధ్యాహ్నము నీడ యెత్తునకు సమానమగును. పిరమిడ్డు ప్రక్కలు దిక్కులకు సరిగా తిరిగియున్నవి గావున ఆ నీడ నేరుగా ఉత్తరమునకు పడును. అపుడు శిఖరపు నీడ నడిబిందువునుండి 481 అడుగుల దూరమున పడును. అందులో 378 అడుగులు పిరమిడ్డులోనే మునిగిపోగా, వెలుపల ఇసుకపై కనబడునది 103 అడుగులు మాత్రమే. కనబడిన నీడను మాత్రమే కొలిచినవాడు ఆ మహానిర్మాణము 103 అడుగులని చెప్పి నవ్వులపాలగును. ప్రక్కలో సగమును కలుపుకొన్నవాడే నిజము చెప్పగలడు. పిల్లవాడు గోపురమునో, పైకప్పు వాలుగానున్న పెద్ద ఇంటినో కొలువబోయినపుడు ఈ చిక్కు వానికి తానుగా ఎదురుపడును. పుస్తకమున ఎన్ని లెక్కలు చేసినను ఎదురుపడదు.

ఈ విద్య పరదేశమునుండి మాత్రమే వచ్చినదని తలంపరాదు. మన దేశపు గణితజ్ఞులు నీడను ప్రత్యేక ప్రకరణముగా నిలిపిరి. ఆర్యభటుడు 499వ సంవత్సరమునాటి తన ఆర్యభటీయమున శంకువు నీడను గూర్చి సూత్రములు చెప్పెను. 9వ శతాబ్దమునందలి మహావీరాచార్యుని గణితసారసంగ్రహమున చివరి ప్రకరణము నీడలను గూర్చినదే. ఆ గ్రంథము ననుసరించియే పావులూరి మల్లన తెలుగు పద్యములలో గణితమును రచించెను. భాస్కరాచార్యుడు 1150లో ముగించిన లీలావతియందును ఛాయావ్యవహారము కలదు. కాబట్టి నీడను కొలుచుట ఆటయైనచో, అది మన పూర్వులు మిక్కిలి గౌరవించిన ఆట.

వారి సూత్రములలో ఒకదానిని మా విద్యార్థులచేత రాత్రివేళ పరీక్షింపజేసితిమి. దీపపు వెలుగున పడు నీడకు ఎండలోని నియమము పనికిరాదు. ఏలయనగా దీపము దగ్గఱనున్నది, దాని కిరణములు సమాంతరములు గావు, విచ్చుకొని పోవును. ఎండలో బాలుడు ఆటస్థలమున ఏ మూల నిలిచినను వాని నీడ పొడవు ఒక్కటే. వీధిదీపము క్రింద అట్లు కాదు. దీపము 12 అడుగుల యెత్తున నున్నదనుకొనుడు. 4 అడుగుల బాలుడు స్తంభమునకు 8 అడుగుల దూరమున నిలిచిన, నీడ 4 అడుగులు. 16 అడుగుల దూరమునకు జరిగిన, 8 అడుగులు. ఆర్యభటుడు చెప్పిన రీతి యిది: దూరమును శంకువు యెత్తుచే గుణించి, దీపపు యెత్తునకును శంకువు యెత్తునకును గల భేదముచే భాగింపుము. 8ని 4చే గుణించి 8చే భాగించిన 4 వచ్చును. ఇచటను రెండు సరూప త్రిభుజములే పనిచేయుచున్నవి. కాని అవి వేఱు త్రిభుజములు. సూత్రమును కంఠస్థము చేసినవాడు ఎండ నియమమును దీపమునకు తగిలించి మోసపోవును. ఒక్కసారి దీపముక్రింద నడచి తన నీడ సాగుట చూచినవాడు మోసపోడు.

ఇక కొలతలలో సహజముగా వచ్చు లోపములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆఱవ జట్టువారు ఉన్నదున్నట్లు వ్రాసినను 27 అడుగులకు బదులు 26 అడుగుల 8 అంగుళములు వచ్చినదేమి? ఇందులో వారి దోషము లేదు. సూర్యుడు ఆకాశమున చుక్కవలె గాక ఒక బిళ్లవలె నున్నాడు. దాని వెడల్పు ఇంచుమించు అర డిగ్రీ. అందువలన ఎత్తైన వస్తువు నీడ కొస గీతవలె తెగక మసకబారి పోవును. మా స్తంభపు నీడ కొసన ఆ మసక దాదాపు పది అంగుళముల మేర వ్యాపించియుండెను. పిల్లలు మసకను విడిచి నలుపు కనబడినంతవఱకే కొలిచిరి. ఆఱంగుళముల నీడ తగ్గినది. దానివలన నాలుగంగుళముల యెత్తు తగ్గినది. మసక మొదలైన చోటును, ముగిసిన చోటును గుర్తించి వాని నడుమను తీసికొన్నచో ఈ లోపము చాలవఱకు తీఱును.

రెండవ లోపము కాలమువలన కలుగునది. సూర్యుడు మనకొఱకు నిలువడు. ఆ సాయంకాలము స్తంభపు నీడను కొలిచి, మాటలాడుచు పది నిమిషములు గడిపి, పిమ్మట కఱ్ఱ నీడను కొలిచినచో, కఱ్ఱ నీడ 4 అడుగుల 6 అంగుళములకు బదులు ఇంచుమించు 4 అడుగుల 10 అంగుళములు ఉండెడిది. అపుడు స్తంభము 25 అడుగులకు కొంచెము తక్కువగా తేలెడిది. పది నిమిషముల కబుర్లు రెండడుగుల యినుమును మ్రింగివేయును! కావున ఒకరు కఱ్ఱవద్దను, ఒకరు స్తంభమువద్దను నిలిచి, ఒక్క కేకతో ఇద్దఱును గుర్తులు పెట్టవలెను. కఱ్ఱ నిట్టనిలువుగా నున్నదో లేదో దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసి చూచుకొనవలెను. నేల పల్లముగానో మెట్టగానో యున్నచో ఆ సంగతియు వ్రాయవలెను.

వేళను గూర్చియు జాగ్రత్త కావలెను. మన తెలుగునాట వేసవిలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును. హైదరాబాదునందు మే 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 3వ తేదీ ప్రాంతమునను నిలువు కఱ్ఱకు మధ్యాహ్నము నీడయే యుండదు. అపుడు కొలుచుటకేమున్నది? మిక్కిలి ప్రొద్దెక్కకమునుపును, మిక్కిలి ప్రొద్దువాలిన తరువాతను నీడ బహుదూరము సాగి, కొస గుర్తు తెలియక పోవును. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటలును, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమును తగిన వేళలు. ఈ వేళలయందు ఎండ బాధయు తక్కువ. బిడ్డలు ఎండకు మాడుదురను తల్లుల భయమునకు ఇదియే మా సమాధానము.

నిజమైన కొలతలు ఎపుడును ఒకదానితో నొకటి సరిగా కలియవని పిల్లలకు తెలియజేయవలెను. త్రిభుజములతో ఈ దేశమును కొలుచు మహాకార్యమునకు 1802లో మద్రాసు సమీపమున, సెయింటు థామసు కొండయొద్ద, లాంబ్టను దొర ఆధారరేఖను కొలిచి పునాది వేసెను. అర్ధశతాబ్దము గడచిన తరువాత అదే సర్వే శాఖవారు నీడతో గాక కోణములతో, సమీపమునకు పోజాలని హిమాలయ శిఖరముల యెత్తును గణించిరి. ఆ గణనలో రాధానాథ్ సిక్దార్ అను వంగదేశీయుడు ప్రముఖుడు. నేడు ఎవరెస్టు అని పిలువబడు శిఖరమును ఆఱు చోట్లనుండి చూచి కట్టిన లెక్కలు 28,990 అడుగులు మొదలు 29,026 అడుగుల వఱకు వేఱువేఱుగా వచ్చినవి. వాని సగటును తీసికొని 1856లో 29,002 అడుగులని ప్రకటించిరి. 2020లో నేపాలు, చైనా దేశములు ప్రకటించిన యెత్తు 8,848.86 మీటర్లు, అనగా ఇంచుమించు 29,032 అడుగులు. ఆఱు జవాబులు ఆఱు విధములుగా వచ్చినందున అందులో అయిదింటిని దిద్ది ఒకటి చేయలేదు. వచ్చినవానిని వచ్చినట్లు వ్రాసికొని సగటు తీసిరి. మా అయిదు పుస్తకములలో ఒక్క అంగుళమైన భేదము లేకుండుటయే మమ్ములను అనుమానింపజేయవలసియుండెను. అదియే మాకు తృప్తి కలిగించినది!

"పరీక్షలో నీడ కొలువుమని అడుగరు కదా" అను తల్లిదండ్రుల మాటకును జవాబు చెప్పెదము. కొలువుమని అడుగరు, కాని ఎత్తులు, దూరములను గూర్చిన లెక్కలు తప్పక అడుగుదురు. ఆ లెక్కలలో పిల్లలు ఎక్కువగా చేయు తప్పు, నిష్పత్తిని తలక్రిందులుగా వ్రాయుట. పుస్తకమే యెఱిగినవాడు తలక్రిందులుగా వ్రాసి, స్తంభపు యెత్తు నాలుగంగుళములని తేల్చి, దానిక్రింద రెండు గీతలు గీచి, తృప్తితో పుట త్రిప్పును. ఆవరణలో నిలిచి తలయెత్తి స్తంభమును చూచినవాడు అట్టి జవాబును చూడగానే కలమాపును. ఈ ఒక్క లాభమునకైనను సంవత్సరమునకు రెండు గంటలు వెచ్చించుట నష్టము కాదు.

అయినను మార్కులకొఱకే ఈ పని చేయించుచున్నామని చెప్పిన అది పూర్తి నిజము కాదు. మా పిల్లలలో కొందఱు రేపు మందులు తూచుదురు. కొందఱు వంతెనలు కట్టుదురు. కొందఱు రోగి జ్వరమును పుస్తకమున వ్రాయుదురు. కొందఱు పొలములకు హద్దులు పెట్టుదురు. ఆ దినమున వారి వెనుక జవాబుల పుట ఉండదు. చూచిన సంఖ్యను వ్రాయుటయా, పైవారు కోరు సంఖ్యను వ్రాయుటయా యను ప్రశ్న వారి యెదుట నిలుచును. ఆ సమయమున ఏది చేయుదురో, నేడు జెండాస్తంభముక్రింద మేమిచ్చు మార్కులు కొంతవఱకు నిర్ణయించుచున్నవని మా భయము.

కావున వచ్చు సంవత్సరమునుండి మూడు పనులు చేయుదమని మేము నిశ్చయించుకొంటిమి. తోడి పాఠశాలలవారికిని ఇదే మనవి చేయుచున్నాము. మొదటిది, ఎవరికిని, ఉపాధ్యాయునికిగూడ, ఎత్తు తెలియని వస్తువునే కొలువ నిత్తుము. ఆవరణలో కొబ్బరి చెట్లు కలవు. నీళ్ల ట్యాంకు కలదు. విద్యార్థులు కొలిచిన తరువాతనే, కొబ్బరికాయలు దింపువాడు చెట్టెక్కినపుడు వానిచేత త్రాడు జారవిడిపించి సరిచూతుము. రెండవది, ప్రతి నీడను మూడుసార్లు కొలిచి, మూడు కొలతలను, కొలిచిన వేళను వ్రాయవలెను. కొట్టివేసిన సంఖ్య సైతము చదువుటకు వీలుగా నుండవలెను. మూడవది, పదింట ఆఱు మార్కులు ఈ వ్రాతకును, రెండు లెక్కకును, రెండు "ఈ జవాబు ఎందువలన కొంత తప్పియుండవచ్చును" అని విద్యార్థి చెప్పు కారణములకును ఇత్తుము. జవాబు త్రాటి కొలతకు ఎంత దగ్గఱగా వచ్చెనను దానికి ప్రత్యేకముగా మార్కులుండవు.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. మీ బిడ్డ ఇంటికి వచ్చి, పెరటిలోని చెట్టు నీడను కొలుతునని త్రాడడిగినపుడు కాదనకుడు. వీలైన, రెండవ కొస మీరు పట్టుకొనుడు. వాని జవాబు మీ యంచనాకు భేదించిన, "తప్పు" అని వెంటనే అనక, "మరల కొలుతమా?" అని అడుగుడు.

విద్యార్థులారా, ఆ అయిదు జట్లవారిని మేము దండింపలేదు. వారు మరల కొలిచి, తమ నిజమైన సంఖ్యలను వ్రాసి తెచ్చిరి. ఒకరికి 26 అడుగుల 3 అంగుళములు, ఒకరికి 27 అడుగుల 5 అంగుళములు, ఇట్లు అయిదును అయిదు విధములుగా వచ్చినవి. ఆ పుస్తకములను చూచి మేము మొదటి దినముకంటె ఎక్కువ సంతోషించితిమి. ఆఱవ జట్టువారి నాలుగు మార్కులను కొట్టివేసి, పది వేసి, ఎఱ్ఱసిరాతో వ్రాసిన మాటక్రింద "ఇది మా పొరపాటు" అని వ్రాసి సంతకము చేసితిమి. పాఠశాల సామానుల పట్టికలోను జెండాస్తంభమునకెదురుగా 30 అను సంఖ్యను ఒక గీతతో కొట్టి, ప్రక్కన "నేలపై 27 అడుగులు, విద్యార్థులు కొలిచినది" అని చేర్చితిమి. కొట్టివేసిన 30 ఇప్పటికిని చదువుటకు వీలుగానే యున్నది.